మీ ఊరి చరిత్ర ఎక్కడ దాగుంది? మ్యూజియం, దస్త్రాలు, ఇంటి అటక గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఊరి చరిత్ర రాయాలనుకుంటున్నాం. ముందు ఎక్కడికి వెళ్లాలి?

ఎక్కడికీ వెళ్లకముందు ఒక కాగితం మీద మీ ఊరి పాత చిరునామా రాసుకోండి. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఏ జిల్లాలో, ఏ తాలూకాలో ఉందో వరసగా రాయాలి. పాత దస్త్రాల జాబితాలన్నీ అప్పటి జిల్లాల పేర్లతోనే ఉంటాయి. ఇప్పటి మండలం పేరు చెప్పి అడిగితే "లేదు" అనే జవాబే వస్తుంది, దస్త్రం పక్క అరలోనే ఉన్నా సరే.

ఉదాహరణకు ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా మళ్లీ ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా అయింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. బాపట్ల సంగతి వేరు. 1859లో గుంటూరు జిల్లాను రద్దు చేయడంతో కృష్ణా జిల్లాలోకి వెళ్లింది, 1904లో తిరిగి గుంటూరుకు వచ్చింది, 2022లో తానే జిల్లా అయింది. అనంతపురం 1882 దాకా బళ్లారి జిల్లాలో భాగం. ఖమ్మం 1953 దాకా వరంగల్ జిల్లాలో ఉంది. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరిది, కాబట్టి అక్కడి పాత కాగితాలను ఆ జిల్లా పేరుతోనే వెతకాలి.

చిరునామా తేలాక దారి సులువు. కోస్తా, రాయలసీమ ఊళ్ల మద్రాసు ప్రెసిడెన్సీ నాటి దస్త్రాలు ఎక్కువగా చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. నిజాం రాజ్యపు ఊళ్లవి హైదరాబాదు తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. శాసనాలు, విగ్రహాలు, నాణేలు, రాగిరేకులు జిల్లా మ్యూజియాల్లో వెతకాలి. రాజమహేంద్రవరంలో గోదావరి ఒడ్డున ఉన్న రాళ్లబండి సుబ్బారావు ప్రభుత్వ మ్యూజియం, విజయవాడ బాపు మ్యూజియం, నల్లగొండ పక్కన పానగల్లు మ్యూజియం అలాంటివి. రాజమహేంద్రవరం సంగ్రహానికి వెనక 1922లో అక్కడ పుట్టిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పని ఉంది. పాత పత్రికలు కావాలంటే 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలను మరవకండి.

కైఫీయత్తు అంటే ఏమిటి? మా ఊరిది ఉంటుందా?

కల్నల్ కాలిన్ మెకంజీ 1754లో పుట్టి 1821లో పోయిన సర్వేయరు. ఆయన కింద పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ వాళ్లు నడిపిన మనుషులూ ఊరూరా తిరిగి, కరణాలను అడిగి, వాళ్ల దండకవిలెలు (ఊరి లెక్కలు, సంగతులు రాసిన పాత పుస్తకాలు) చూసి రాయించిన ఊరి వృత్తాంతమే కైఫీయత్తు. తర్వాత సి.పి. బ్రౌన్ వాటిలో చాలా భాగానికి నకళ్లు రాయించాడు. అవి ఇప్పుడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. కొన్ని జిల్లాల కైఫీయత్తులు అచ్చయ్యాయి. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఆ జిల్లావి సంపుటాలుగా తెచ్చింది.

ప్రతి ఊరికీ లేదు. కోస్తా, కడప ప్రాంతాలకు బాగా దొరుకుతాయి. మీ ఊరి పేరు కనిపించకపోతే పక్క ఊరిదీ, పాత సముతు లేదా పరగణా (అప్పటి పాలనలో కొన్ని ఊళ్ల గుంపు) కేంద్రానిదీ చదవండి. మీ ఊరు అందులో శివారుగానో అగ్రహారంగానో రావచ్చు. కైఫీయత్తుల్లో "సర్కారు ముర్తజానగరు" అంటే గుంటూరు, "ముస్తఫానగరు" అంటే కొండపల్లి.

ఇంకో చిన్న హెచ్చరిక. 1883లో కృష్ణా జిల్లా మాన్యువల్ రాసిన గోర్డన్ మెకంజీ వేరే మనిషి. ఇద్దరినీ కలిపేసిన ఊరి చరిత్రలు చాలానే ఉన్నాయి.

కైఫీయత్తులో ఉన్నదంతా నిజమని రాసుకోవచ్చా?

రాసుకోకూడదు. అలాగని పారేయకూడదు కూడా. దాన్ని మూడు పొరలుగా చదవాలి. మొదటిది స్థలపురాణం: ఏ రుషి తపస్సు చేశాడు, ఏ దేవుడు వెలిశాడు. రెండోది విన్న రాజుల కథ: ముక్కంటి మహారాజు, గజపతులు, రాయలు. మూడోది కరణం తన కళ్లతో, తన లెక్కల్లో చూసినది: గుడి మాన్యం ఎంత, చెరువు ఎవరు తవ్వించారు, మిరాశీ (వంశపారంపర్య హక్కు) వంతులు ఎవరివి, ఏ అమీనుదారు ఎంత శిస్తు వసూలు చేశాడు, ఏ కరువులో ఊరు పాడుపడింది. ఈ మూడో పొర బంగారం.

రెండో పొరకు ఒక నమూనా చూడండి. గుంటూరు ప్రాంతపు కైఫీయత్తుల్లో పదే పదే ఒక మాట వస్తుంది: శక 1067లో గజపతి రాజు దగ్గరున్న గోపరాజు రామన్న ఊళ్లకు నియోగి కరణాలను నియమించాడని. శక 1067 అంటే 1145. గజపతుల రాజ్యం మొదలైంది 1434లో. కాబట్టి తేదీ తప్పు. కానీ ఈ కైఫీయత్తులు రాసిన 1810 ప్రాంతంలో కరణాలు తమ మిరాశీ హక్కును ఏ కథతో నిలబెట్టుకున్నారన్నది ఇక్కడ తెలుస్తోంది, అదీ చరిత్రే. మీరు రాసేటప్పుడు "1145లో జరిగింది" అనకండి, "కైఫీయత్తు ఇలా చెబుతోంది" అనండి.

భూమి దస్త్రాల్లో ఊరి చరిత్రకు పనికొచ్చేవి ఏవి?

కోస్తా, సీమ ఊళ్లకు మొదట అడగాల్సింది ఇనాం ఫెయిర్ రిజిస్టర్. 1858లో ఇనాం కమిషన్ ఏర్పడ్డాక మాన్యాలన్నీ విచారించి రాసిన పుస్తకం ఇది. ఎవరికిచ్చారు, ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, ఎంత విస్తీర్ణం, అప్పుడు అనుభవంలో ఉన్నదెవరు, వారసులెవరు అన్నవి వరసగా ఉంటాయి. గుడి, సత్రం, మసీదు, భోగం మేళం, మంగలి, చాకలి, వెట్టి ఇలా ఏ పనికి ఏ మాన్యం ఉందో చూస్తే 1860లలో ఊరు ఎలా నడిచిందో కళ్లకు కడుతుంది. మీ ఇంటి దస్తావేజులో "టీడీ నంబరు" (టైటిల్ డీడ్, అంటే ఇనాం పట్టా సంఖ్య) ఉంటే దాన్ని పట్టుకెళ్లండి, వెతుకులాట సగం తగ్గుతుంది. తర్వాతవి సర్వే సెటిల్‌మెంట్ రిజిస్టర్లు, ఊరి పటాలు.

జమీందారీ ఊళ్ల వాళ్లు ఇక్కడే నిరాశపడతారు. శిస్తు జమీందారు వసూలు చేసుకునేవాడు కాబట్టి, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా ఆ ఊళ్ల రైతువారీ వివరాలు సర్కారు దస్త్రాల్లో పలచగా ఉంటాయి. అలాంటి ఊళ్లకు జమీందారీ కచేరీ కాగితాలు, కోర్టు దావా పత్రాలు చూడాలి.

తెలంగాణలో సేత్వార్ (సర్వే తర్వాత రాసిన మూల భూమి రిజిస్టరు), వసూల్ బాకీ (శిస్తు రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (ఏ పొలం ఎవరి అనుభవంలో ఉందో రాసిన రిజిస్టరు) ముఖ్యం. అంతకు ముందువి ఉర్దూలో, ఇంకా పాతవి పారసీలో, కొన్ని చోట్ల మోడీ లిపిలో (మరాఠీ రాసిన పాత గొలుసుకట్టు లిపి) ఉంటాయి. చదివే మనిషిని ముందే మాట్లాడుకుని వెళ్లండి.

కరణాల లెక్కలు చాలా ఊళ్లలో కచేరీకి చేరనేలేదు. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయినప్పుడు ఎన్నో కట్టలు ఇళ్లల్లోనే ఉండిపోయాయి. కాబట్టి ఊళ్లో పాత కరణం గారి ఇల్లు కూడా ఒక ఆర్కైవే. మర్యాదగా అడగండి. భూమి తగాదా కోసం వచ్చారేమోనన్న అనుమానం వాళ్లకు సహజం, మీ పని ఏమిటో మొదటే చెప్పండి.

పాత కాగితంలో తేదీ ఉంది కానీ ఏ సంవత్సరమో అర్థం కావడం లేదు.

శక సంవత్సరానికి 78 కలపండి, ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. మోటుపల్లిలో గణపతిదేవుడి అభయశాసనం శక 1166, అంటే 1244. జనవరి నుంచి ఉగాది లోపు తిథి అయితే 79 కలపాలి. ఫసలీకి (శిస్తు లెక్కల సంవత్సరం) 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన సంవత్సరం వస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫసలీ జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది, కనుక ఫసలీ 1270 అంటే 1860-61. హిజ్రీని 0.97తో గుణించి 622 కలిపితే ఒక ఏడాది అటూ ఇటూగా తేలుతుంది. హిజ్రీ 1200 ఇలా లెక్కిస్తే 1786 వస్తుంది.

తికమక పెట్టేది తెలుగు సంవత్సరం పేరు. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. ప్రభవ 1807, 1867, 1927, 1987లలో వచ్చింది. అక్కడి నుంచి వేళ్ల మీద లెక్కపెట్టండి. ఏ అరవై అన్నది కాగితంలోని ఇంకో ఆనవాలు చెప్పాలి: దొర పేరు, స్టాంపు, నాణెం రకం. జనం నోట్లోని కరువు పేర్లు కూడా పనికొస్తాయి. "నందన కరువు", అదే డొక్కల కరువు, 1832-33లో గుంటూరు సీమను ఊడ్చేసింది. "ధాత కరువు" 1876లో మొదలైంది. "మా ముత్తాత ధాత కరువులో ఈ ఊరొచ్చాడు" అని పెద్దావిడ అంటే మీకు తేదీ దొరికినట్టే.

పాత రాత చదవలేకపోతున్నాం.

నాలుగు సంగతులు తెలిస్తే సగం విడిపోతుంది. మాటల మధ్య ఎడం ఉండదు. హ్రస్వ దీర్ఘాలు, ఒత్తులు నిలకడగా పాటించరు. అక్షరం తర్వాత తెలుగు తొమ్మిది అంకెలా (౯) కనిపించే గుర్తు వలపలగిలక: దాన్ని ముందు "ర్" అని చదివి ఆ తర్వాత అక్షరం చదవాలి, "ధమ౯ం" అంటే ధర్మం. లెక్కల్లో వీసం అంటే పదహారో వంతు, పరక ఎనిమిదో వంతు, పాతిక నాలుగో వంతు.

కొలతల దగ్గర తొందరపడొద్దు. పుట్టికి 20 తూములు, తూముకు 4 కుంచాలు, కుంచానికి 4 మానికలు. ఇంతవరకు సరే. కానీ "పుట్టెడు నేల" అన్నప్పుడు పుట్టి విత్తనం పట్టే నేల అని అర్థం, ఊరిని బట్టి, నేలను బట్టి మారుతుంది. ఎకరాల్లోకి మార్చి రాస్తే తప్పు మీ మెడకు చుట్టుకుంటుంది. ఉన్న మాట ఉన్నట్టే రాయండి.

ఇంట్లో తాళపత్రాల కట్ట ఉంది. ఏం చేయాలి?

మొదట, ఏం చేయకూడదో. ఎండలో పెట్టొద్దు. తడిబట్టతో తుడవొద్దు. అతుక్కున్న ఆకులను కత్తితోనో గోరుతోనో విడదీయొద్దు, పై పొర అక్షరాలతో సహా ఊడొస్తుంది. తాడు తెగి ఆకులు కలిసిపోతే మీరే సర్దేయొద్దు. దొరికిన వరసలోనే ఫోటో తీసి, ఆ తర్వాత ఎడమ అంచున ఉండే తెలుగు అంకెల ఆకు సంఖ్య చూడండి. ఒకే కట్టలో రెండు మూడు గ్రంథాలు ఉండడం మామూలే.

శుభ్రం చేయాలంటే మెత్తటి పొడి బ్రష్షుతో ఆకు నిడివి వెంబడే దుమ్ము దులపండి, అడ్డంగా కాదు. గంటంతో (ఇనుప మొనతో) గీసిన అక్షరాలు మసి పోయి కనబడకపోతే నిమ్మగడ్డి నూనెలో కాస్త దీపపు మసి కలిపి దూదితో ఆకు మీద పల్చగా రాసి, రెండు మూడు నిమిషాలాగి పొడి మెత్తటి గుడ్డతో తుడుస్తారు. గాట్లలో మసి నిలిచి అక్షరం తేలుతుంది. ముందు చివరి ఖాళీ ఆకు మూలలో చేసి చూడండి. ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది: కొన్ని ఆకుల మీద గంటంతో గీయకుండా సిరాతో పైపైన రాస్తారు. వాటికి నూనె రాస్తే రాత మొత్తం గుడ్డకు అంటుకొస్తుంది. వేలి కొనతో మెల్లగా తాకితే గాటు తగలాలి. తగలకపోతే ఆపేయండి. నూనె కాగితపు ప్రతులకు అసలు పనికిరాదు.

తర్వాత పైనా కిందా చెక్క పలకలు పెట్టి, బిగించకుండా, వదులుగా కాకుండా కట్టి, ఉతికిన నూలు గుడ్డలో చుట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. గుడ్డలో ఎండిన వస కొమ్ము పెట్టడం పాత పద్ధతి, చెడ్డదేమీ కాదు. వానాకాలం ముందోసారి, తర్వాతోసారి విప్పి నీడన గాలి తగలనివ్వండి. గోడకు ఆనించిన అటక, వంటింటి పైభాగం రెండూ మంచివి కావు. మొదటిదానికి చెద, రెండోదానికి పొగ.

పాత కాగితాలు, ఫోటోలు?

లామినేషన్ చేయించకండి. తిరిగి తీయలేరు, లోపలే కాగితం పచ్చబడి విరుగుతుంది. సెల్లోటేపు కొన్నేళ్లకే గోధుమరంగు మరక వదులుతుంది. గుండుసూదులు, క్లిప్పులు తీసేయండి, తుప్పు కాగితాన్ని తింటుంది. తడిసిన కాగితాలను ఫ్యాను కింద, నీడన, మధ్యలో తెల్ల కాగితాలు పెట్టి ఆరబెట్టండి. అచ్చు పత్రిక కాగితం మధ్యలో పెట్టకండి, సిరా దిగుతుంది.

స్కాన్ చేసేటప్పుడు దస్త్రాలకు 300 డీపీఐ, ఫోటోలకు 600 డీపీఐ, టిఫ్ ఫైలుగా. వెనక వైపు కూడా స్కాన్ చేయాలి, స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత అక్కడే ఉంటాయి. ఫోటోలో ఉన్నవాళ్ల పేర్లు ఎడమ నుంచి కుడికి, నిల్చున్న వరస, కూర్చున్న వరస అని విడిగా రాసి పెట్టండి. ఈ పని రేపటికి వాయిదా వేయకండి, ఆ ముఖాలను గుర్తుపట్టే మనిషి ఇంట్లో ఒకరే మిగిలి ఉంటారు.

రాగిరేకులు దొరికాయి. చింతపండుతో తోమితే అక్షరాలు కనిపిస్తాయంటున్నారు.

కనిపిస్తాయి, ఆ తర్వాత ఎప్పటికీ కనిపించకుండా పోతాయి. చింతపండు పులుపు చిలుముతో పాటు కింది లోహాన్నీ తింటుంది, లోతు లేకుండా చెక్కిన గీతలు సమమైపోతాయి. ఇత్తడి తోమే పొడులు అంతకన్నా పాడు. రేకులను కలిపిన కడియాన్ని కోయొద్దు. ఆ కడియం మీది ముద్రే ఎవరి శాసనమో చెబుతుంది: తూర్పు చాళుక్యులదైతే వరాహమూ "శ్రీ త్రిభువనాంకుశ" అన్న మాటా ఉంటాయి. కడియం కోస్తే, రేకులు అన్నీ ఉన్నాయా, మధ్యలో ఎవరైనా మార్చారా అన్న ప్రశ్నకు జవాబు పోతుంది. పొడి గుడ్డలో చుట్టి మ్యూజియానికి కబురు చేయండి.

గుడి దగ్గర శాసనం ఉంది. నకలు ఎలా తీయాలి?

నిపుణులు తీసేది సిరా అచ్చు. రాతిని నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో కడిగి, తడిపిన ప్రత్యేక కాగితం పరిచి, మధ్య నుంచి అంచులకు గాలి పోయేలా బ్రష్షుతో కొడతారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. సగం ఆరాక మసి, జిగురు కలిపిన సిరాను గుడ్డ బుడిపెతో అద్దుతారు. గుంటల్లోని అక్షరం తెల్లగా, చుట్టూ నల్లగా వస్తుంది. మరీ తడిగా ఉండగా అద్దితే సిరా పాకి అక్షరాలు మూసుకుపోతాయి, పూర్తిగా ఆరాక అద్దితే కాగితం రాతి నుంచి లేచిపోతుంది. పెచ్చులూడే రాయి మీద ఈ పని చేయనే కూడదు, రక్షిత కట్టడంలో అనుమతి లేకుండా చేయకూడదు.

మీకు ఫోటో చాలు. చీకటి పడ్డాక టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్క నుంచి వెలుగు పడేలా పెట్టి, ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పై నుంచి ఒకటి తీయండి. స్కేలు పక్కన పెట్టండి. నాలుగు వైపులా చూడండి, స్తంభ శాసనాలు తరచూ పక్క ముఖం మీదకి సాగుతాయి. సుద్దతో, పిండితో అక్షరాలు నింపకండి: మీరు ఊహించిన అక్షరమే ఫోటోలో నిలిచిపోతుంది. అన్నిటికన్నా పెద్ద శత్రువు జీర్ణోద్ధరణ పేరుతో వేసే సున్నం, ఎనామిల్ రంగు, ఇసుక జల్లే యంత్రం. గుడి కమిటీకి ఆ మాట పని మొదలుకాక ముందే చెప్పాలి.

ఆ శాసనం ఇదివరకే చదివారేమో మైసూరులోని భారత పురావస్తు శాఖ శాసన విభాగపు వార్షిక నివేదికల్లో ఊరి పేరుతో చూడండి, అవి 1887 నుంచి ఉన్నాయి.

పొలంలో నాణేల కుండ బయటపడింది. చెబితే లాక్కుంటారా?

1878 నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన, పది రూపాయలకు మించి విలువైన ఏ వస్తువునైనా కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలపాలి. ఆచరణలో తహసీల్దారుకు చెబుతారు. యజమాని లేడని తేలితే, పొలం వేరొకరిదైతే, మామూలుగా నాలుగింట మూడు వంతులు దొరికినవాడికి, ఒక వంతు పొలం హక్కుదారుకు. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు అదనంగా కలిపి ఇవ్వాలి. దాచిపెడితే వాటా పోవడమే కాక జైలుశిక్ష కూడా ఉంది.

నాణేలు కడగొద్దు, పంచుకోవద్దు. కుండను ఖాళీ చేయొద్దు, పగిలితే పెంకులు కూడా దాచండి. ఎంత లోతులో, ఏ సర్వే నంబరులో, దగ్గర ఇటుకలు గానీ బూడిద గానీ ఉన్నాయా రాయండి. ఒక నాణెం ఏ రాజుదో చెబుతుంది. కుండెడు నాణేలు కలిసి ఉంటే ఎప్పుడు దాచారో, ఏ ఏ రాజ్యాల డబ్బు ఆ ఊళ్లో చెల్లిందో చెబుతాయి. పదిమంది పంచుకున్న కుండ ఆ రెండో సంగతి ఇక చెప్పలేదు.

మ్యూజియానికి వస్తువు ఇస్తే ఏమవుతుంది? మా పేరుంటుందా?

రెండు పద్ధతులు: దానం, అరువు. దానమైతే హక్కు మ్యూజియానిది, దానపత్రం మీద సంతకం చేస్తారు. అరువైతే గడువు రాసి ఉంటుంది. నోటి మాటతో ఇవ్వకండి, రసీదు లేకుండా ఇంటికి రాకండి. వస్తువుకు రిజిస్టరులో ఒక సంఖ్య పడుతుంది, ఆ సంఖ్య మీ దగ్గరా ఉండాలి. సంఖ్యను రాయి, లోహం, మట్టి వస్తువుల మీద నేరుగా రాయరు. కనబడని చోట తీసేయగల వార్నిషు పూత వేసి, దానిమీద సిరాతో రాసి, పైన ఇంకో పూత వేస్తారు. బట్టకైతే నూలు పట్టీ మీద రాసి కుడతారు, కాగితానికి వెనక మెత్తటి పెన్సిల్.

రిజిస్టరులో మీరు పట్టుబట్టి నింపించాల్సిన గడి "దొరికిన చోటు". ఊరు మాత్రమే కాదు, దిబ్బ పేరు, చెరువు పేరు, సర్వే నంబరు, లోతు, తేదీ. "పాటిదిబ్బ మీద, ఊరికి తూర్పున, మంచినీళ్ల బావి తవ్వుతుండగా" అన్న ఒక్క వాక్యం విగ్రహం కన్నా విలువైనది కావచ్చు. అమరావతి స్తూపం ఫలకాలు చెన్నైకి, లండన్‌కి, ఇంకా ఎక్కడెక్కడికో వెళ్లిపోయాయి. ఏ రాయి ఎక్కడిదో కొంతైనా తెలుస్తోందంటే, స్తూపం పూర్తిగా చెదిరిపోక ముందు 1816-17లో మెకంజీ మనుషులు గీసిన బొమ్మలు మిగిలాయి గనకే.

మేమిచ్చిన వస్తువు ప్రదర్శనలో లేదు. ఎందుకు?

ఏ మ్యూజియంలోనైనా ఎక్కువ వస్తువులు గిడ్డంగిలోనే ఉంటాయి. వెలుగు తగిలితే పాడయ్యే బట్టలు, కాగితాలు, చిత్రాలు కొన్ని నెలలే బయట ఉంచుతారు. సంఖ్య చెప్పి, ముందుగా దరఖాస్తు పెడితే గిడ్డంగిలోది చూడవచ్చు. సంఖ్య లేకుండా "మా తాత ఇచ్చిన కత్తి" అంటే వెతికేవాడికి దారి ఉండదు.

పాత వస్తువులు అమ్ముకోవచ్చా? విదేశంలో ఉన్న మా వాళ్లకు పంపవచ్చా?

1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువులు, 75 ఏళ్లు దాటిన చారిత్రక, సాహిత్య విలువ గల రాతప్రతులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. విగ్రహాల వంటి కొన్ని రకాలను ఇంట్లో ఉంచుకోవాలన్నా రిజిస్టరు చేయించాలి. దేశం దాటించడానికి ప్రైవేటు వ్యక్తులకు వీల్లేదు. అమెరికాలో ఉన్న మనవడికి తాళపత్రం పంపాలని ఉంటే స్కాన్ పంపండి.

దస్త్రాల కార్యాలయానికి వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

గుర్తింపు కార్డు, పరిశోధన దేనికో చెప్పే ఒక పేజీ దరఖాస్తు, వీలైతే కాలేజీ లేదా సంస్థ ఉత్తరం. పెన్ను లోపలికి రానివ్వకపోవచ్చు, పెన్సిళ్లు రెండు పెట్టుకోండి. ఫోన్ కెమెరాకు అనుమతి, రుసుము విడిగా అడగాలి. మొదటి రోజు సూచికలు చూసి చీటీలు రాయడానికే సరిపోతుంది, దస్త్రాలు చాలాసార్లు మర్నాడే చేతికొస్తాయి. కాబట్టి కనీసం మూడు రోజులు పెట్టుకుని వెళ్లండి. చూసిన ప్రతి దస్త్రానికీ సంపుటం, పేజీ, తేదీ అక్కడికక్కడే రాసుకోండి. ఇంటికొచ్చాక ఫోటోల్లో ఏది ఏ కట్టదో తేలదు, మళ్లీ టికెట్టు కొనాల్సి వస్తుంది.